అడవి గట్టున బడి
(న్యూఢిల్లీ, ఆర్.కె. పురంలో తెలుగువారి సభలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



మాస్టారు ఈ కాలనీలో ఆదివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించారని మీ అందరికీ తెలుసు. ఆయన దగ్గర ఓనమాలు నేర్చుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఎందరో ఉన్నారు. పాఠం అయ్యాక ఆయన ఆ పిల్లలను వెంటబెట్టుకుని మునిర్కా అవతల రాళ్ల గుట్టల్లోకి నడిచేవారనీ, చెట్టు పేరు తాను చెప్పకుండా వాళ్లచేతే చెప్పించేవారనీ కొందరికే గుర్తుండి ఉంటుంది. ఆయన పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు నాకు ముందుగా మనసులో మెదిలింది ఆ నడకే. అందుకే ఈ సాయంత్రం అభయారణ్యాల పక్కన పుట్టి పెరుగుతున్న పిల్లల చదువు గురించి మాట్లాడదలచాను.

ఆర్.కె. పురంలో కూర్చుని అడవి మాటెందుకని ఎవరైనా అనుకోవచ్చు. మన సెక్టార్లన్నీ సర్కారు క్వార్టర్లు, ఆఫీసులు, గుళ్లు, బస్టాపులు. కానీ పడమటి వైపు వసంత్ విహార్ దాటితే ఆరావళి జీవవైవిధ్య పార్కు ఉంది. 692 ఎకరాలు. ఒకప్పుడు మొరం, అభ్రకం తవ్వుకుని వదిలేసిన గుంతలవి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు, ఆయన బృందం ఆ నేలను పట్టుకుని, దాన్నంతా ఆక్రమించిన సర్కారు తుమ్మను క్రమంగా తొలగిస్తూ, ఆరావళి కొండల్లో సహజంగా పెరిగే ధౌ, మోదుగ వంటి చెట్లను తిరిగి నిలబెట్టారు. దక్షిణాన సంజయ్ వన్. ఇంకా కిందికి వెళితే, హర్యానా సరిహద్దును ఆనుకుని, అసోలా-భట్టీ వన్యప్రాణి అభయారణ్యం. దాదాపు 32 చదరపు కిలోమీటర్లు. నక్కలు, మనుబోతులు, ముళ్లపందులు, దుమ్ములగొండులు ఉన్న చోటు. చిరుతలు కూడా అక్కడ కెమెరాలకు చిక్కాయి. రాష్ట్రపతి భవన్‌కు ఒక పూటలో వెళ్లి రాగల దూరంలో చిరుత తిరుగుతోంది. ప్రపంచంలో ఎన్ని రాజధానులు ఈ మాట చెప్పుకోగలవు?

అసోలా దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అక్కడి పిల్లల కథ మనకు తెలియకుండానే మన కథతో ముడిపడి ఉంది.

అసోలా, మైదాన్‌గఢీ, షాహూర్‌పూర్ గ్రామాల భూములను 1986లో అభయారణ్యంగా ప్రకటించారు. 1991లో భట్టీ గనుల ప్రాంతాన్ని అందులో కలిపారు. ఆ భట్టీలో సంజయ్ కాలనీ అని ఒక బస్తీ ఉంది. అక్కడ ఎక్కువమంది ఓడ్ కులస్థులు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వైపు నుంచి వచ్చినవాళ్లు. మట్టి తవ్వడం వాళ్ల వృత్తి, మన వైపు వడ్డెరలు తరతరాలుగా చేస్తున్న పని లాంటిదే. ఢిల్లీ గోడలకు వాడిన బదర్‌పూర్ ఇసుక ఆ గోతుల్లోంచి వచ్చింది. తవ్వింది వాళ్లే. 1990 ప్రాంతంలో గనులు మూతపడ్డాయి, తర్వాత ఆ చోటు అభయారణ్యమైంది. తవ్వుకుని బతికినవాళ్లు ఒక ఉత్తర్వుతో అడవిలో అక్రమ నివాసులయ్యారు. ఖాళీ చేయించాలన్న కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. మరోవైపు 2000 తర్వాత టెరిటోరియల్ ఆర్మీ పర్యావరణ దళం ఆ గుంతల చుట్టూ చెట్లు పెంచింది. లోతైన గోతుల్లో నీళ్లు చేరి చెరువులయ్యాయి, వాటి మీదికి పక్షులు వచ్చాయి. ఇవన్నీ నిజంగా గొప్ప పనులే. సంజయ్ కాలనీలో పుట్టిన బిడ్డకు మాత్రం ఈ రెండు కథలూ ఒకే ఇంట్లో వినబడతాయి. తాత తవ్విన గొయ్యి, ప్రభుత్వం నాటిన చెట్టు, రెండూ వాడి కిటికీలోంచి కనబడేవే.

ఇక కోతుల సంగతి. 2007లో ఢిల్లీ హైకోర్టు ఆదేశం వచ్చాక నగరంలో పట్టిన కోతులను అసోలా-భట్టీకి తీసుకెళ్లి వదలడం మొదలైంది. అలా వేల కోతులు అక్కడికి చేరాయి. మన ఆఫీసుల వరండాల్లో ఫైళ్లు చింపేవి, మన బాల్కనీల్లో ఆరేసిన అప్పడాలు ఎత్తుకెళ్లేవి, బోనులో పడితే చివరికి ఆ అడవి అంచు పిల్లల వాకిట్లోకి చేరతాయన్నమాట. అడవిలో వాటికి సరిపడా తిండి లేదు. ప్రభుత్వం పళ్లూ కూరగాయలూ వేయించినా, కోతి గోడ దూకి వంటింట్లోకి రాక మానదు. నగరానికి వచ్చిన చిక్కును నగరం తన అంచు మీదికి నెట్టింది. ఆ అంచున ఉన్నది పిల్లలు. మనం చెప్పే పర్యావరణ పాఠంలో ఈ సంగతి ఒక్క వాక్యమైనా లేకపోతే ఆ పాఠాన్ని వాళ్లెందుకు నమ్మాలి?

నేను చెప్పదలచింది ఇదే. అడవి పక్కన పెరిగే పిల్లలకు అడవిని ప్రేమించమని నేర్పబోయే ముందు రెండు పనులు చేయాలి. వాళ్లకు ఇప్పటికే తెలిసినదాన్ని చదువుగా ఒప్పుకోవాలి. అడవిని కాపాడే పేరుతో వాళ్ల ఇళ్ల మీద పడిన భారాన్ని పాఠంలోకి తేవాలి. ఈ రెండూ లేని పర్యావరణ విద్య ఎంత ఖర్చుపెట్టి చేసినా గోడ మీద సున్నంలాగే రాలిపోతుంది.

చట్టపరంగా మనకు లోటేమీ లేదు. అడవులను, వన్యప్రాణులను కాపాడటం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న అన్ని స్థాయుల్లో పర్యావరణ విద్య తప్పనిసరి కావాలంది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పి, పాఠ్య ప్రణాళిక తయారుచేయమంది. మన రాష్ట్రాల బడుల్లో పరిసరాల విజ్ఞానం పుస్తకాలు వచ్చాయి. జూన్ 5న ర్యాలీ, అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలు, చిత్రలేఖనం పోటీలు, గెలిచినవాళ్లకు స్టీలు గిన్నెలు. పుస్తకాలు బాగానే ఉన్నాయి. కొన్ని చాలా బాగున్నాయి. కానీ ఆ పుస్తకం హైదరాబాదులో అపార్టుమెంటులో ఉండే పిల్లకూ, నల్లమలలోని పెంటలో, అంటే చెంచు గూడెంలో, పుట్టిన పిల్లకూ ఒకటే. పులి గురించి ఇద్దరికీ ఒకే పేరా. మొదటి పిల్లకు అది కబురు. రెండో పిల్ల నాన్న నిన్న రాత్రి దాని అరుపు విని దారి మార్చుకుని ఇంటికొచ్చాడు.

ఇంటి మీద పడే భారాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే ఒక చోట స్పష్టంగా కనబడుతుంది. కర్నూలు జిల్లాలో, ఇప్పుడది నంద్యాల జిల్లా, రోళ్లపాడు అనే ఊరుంది. ఆ గడ్డి మైదానాల్లో బట్టమేక పిట్ట ఉండేది. మీటరు ఎత్తుండే పక్షి, ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఒకటి. దానికోసం 1988లో అభయారణ్యం ఏర్పాటైంది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కాపలా పెరిగాక బట్టమేక పిట్టతోపాటు కృష్ణజింకలు కూడా అక్కడ క్షేమంగా బతికాయి, మందలు మందలుగా పెరిగాయి. చుట్టూ మెట్ట రైతులు. జింకలు జొన్న, సెనగ చేలల్లో పడ్డాయి. తుపాకీ పేల్చకూడదు, వల వేయకూడదు. నష్టపరిహారం అడగడానికి తిరిగితే పోయిన పంటకన్నా పోయిన పనిదినాలే ఎక్కువ. మెల్లగా రైతుల కోపం జింక మీది నుంచి అభయారణ్యం మీదికి, అక్కడి నుంచి ఆ పిట్ట మీదికి మళ్లింది. నిజానికి ఆ పిట్ట వాళ్ల చేలకు చేసిన చెరుపేమీ లేదు, పురుగులు ఏరుకు తినేది. గడ్డి భూములు సాగులోకి వెళ్లడం వంటి కారణాలూ తోడయ్యాయి. చివరికి రోళ్లపాడులో బట్టమేక పిట్ట కనబడకుండా పోయింది.

ఆ సంవత్సరాల్లో రోళ్లపాడు చుట్టుపక్కల బడుల్లో కూర్చున్న పిల్లల గురించి ఆలోచించండి. పొద్దున బడిలో జింక మన రాష్ట్ర జంతువు, దాన్ని కాపాడాలి అని చదివారు. సాయంత్రం ఇంటికెళితే అమ్మా నాన్నా డబ్బాలు వాయిస్తూ రాత్రంతా చేలో కాపలా. ఆ పిల్లల చేత లెక్క వేయించి ఉంటే? ఎన్ని సాళ్లు పోయాయి, ఏ నెలలో పోయాయి, ఏ వైపు నుంచి మంద వచ్చింది, ఎంత పరిహారం రావాలి, దరఖాస్తు ఎలా రాయాలి. అందులో గణితం ఉంది, భూగోళం ఉంది, తెలుగులో ఉత్తరం రాయడం ఉంది. పౌరశాస్త్రం కూడా ఉంది. ఆ లెక్క అధికారుల బల్ల మీదికి వెళితే అభయారణ్యానికి ఊళ్లో మిత్రులు మిగిలేవారని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు ఆ రెండు పనుల్లో మొదటిదానికి వస్తాను, వాళ్లకు తెలిసిన విద్యకు. దీనికి కడప జిల్లాకు వెళ్లాలి.

కలివి కోడి అనే పిట్ట కథ మీలో కొందరు విని ఉంటారు. 1848లో శాస్త్రవేత్తలు దాన్ని గ్రంథస్థం చేశారు. 1900లో అనంతపురం దగ్గర కనబడిందన్నది చివరి నమోదు. ఆ తర్వాత 86 ఏళ్లు దాని జాడ లేదు. పేరున్న పక్షిశాస్త్రవేత్తలు వచ్చి వెతికారు, పగలు వెతికారు, అంతరించిపోయిందనుకున్నారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప ప్రాంతంలో ఊరూరా తిరిగి పిట్ట బొమ్మ చూపిస్తూ వాకబు చేశాడు. రెడ్డిపల్లెలో ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషికి ఆ పిట్ట తెలుసు. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న దీపం వెలుగులో దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ కబురు బొంబాయికి చేరింది. 89 ఏళ్ల సలీం అలీ కడపకు బయలుదేరి వచ్చారు.

పట్టుకున్న ఆ పిట్ట బతకలేదు. ఈ కథలో ఆ బాధ ఉంది, దాన్ని దాచి చెప్పకూడదు. కానీ ఐతన్న చూపించిన చోటు వల్లే ఆ జాతి ఇంకా ఉందని ప్రపంచానికి తెలిసింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. కలివి కోడి ఆవాసానికి అడ్డంగా రాబోయిన తెలుగుగంగ కాలువ దారి తర్వాతి కాలంలో మారింది. చాలా ఏళ్లు మళ్లీ కనబడకుండా ఉండి, 2025లో కడప జిల్లాలోనే దాని పిలుపు రికార్డయింది.

శాస్త్రం పగలు వెతికింది. ఐతన్నకు అది రాత్రి పిట్ట అని తెలుసు. ఏ పొదల మధ్య, ఎంత ఖాళీ ఉన్న నేల మీద తిరుగుతుందో తెలుసు. ఈ విద్యకు ఏ బడిలో మార్కులు వేశారు? ఐతన్న లాంటివాళ్ల పిల్లలు మన బడుల్లో వెనక బెంచీల్లో కూర్చుంటారు. ఎక్కాలు అప్పచెప్పలేదని నిలబెడతాం. వాళ్లకు ఏ పిట్ట ఏ కార్తెలో ఎక్కడ గుడ్లు పెడుతుందో తెలుసన్న సంగతి బడి పంతులుకు తెలియదు, ఎందుకంటే పంతులు అడగలేదు.

కలివి కోడి రాత్రిపూట తిరిగేది, మనిషి అలికిడికి నిలవనిది. దాన్ని చూడకుండానే ఉనికి పట్టుకోవడానికి తర్వాతి పరిశోధకులు ఒక పద్ధతి వాడారు. జల్లించిన మెత్తటి మన్నును పొదల మధ్య పట్టీలుగా పరిచి, తెల్లవారాక అడుగుల అచ్చులు చదివారు. ఈ పద్ధతిని నేను పిల్లలతో చేసి చూశాను. అడవి పక్క ఏ బడిలోనైనా, పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు.

సాయంత్రం బడి వదిలాక పిల్లలు ఇళ్ల నుంచి జల్లెళ్లు తెస్తారు. మన్ను జల్లించి, బడి వెనక కంచె దాటాక, జంతువులు నడిచే సన్న దారికి అడ్డంగా నాలుగు బారల పొడవున పరుస్తారు. చీపురు వెనక్కి తిప్పి నున్నగా సరిచేస్తారు. పట్టీ అంచున తన అరిచేతిని ఒకసారి అద్దడం ఒక పిల్ల కనిపెట్టింది, రాత్రి వాన పడిందో లేదో పొద్దున ఆ చెయ్యి చెబుతుందని. మర్నాడు ఎండెక్కకముందే వచ్చి చుట్టూ గొంతుక్కూర్చుంటారు. కుందేలు అచ్చులో వెనక కాళ్లు ముందు పడి ఉంటాయి. నక్క అడుగులో గోళ్ల గుర్తు ఉంటుంది, పిల్లి జాతి అడుగులో ఉండదు, అది గోళ్లు ముడుచుకుని నడుస్తుంది. ముళ్లపంది వెళ్లిన చోట అడుగుల పక్కన ముళ్లు ఈడ్చిన సన్నటి గీతలు. నెమలి మూడు వేళ్లు బారుగా. వీటిలో సగం వాళ్లే నాకు చెప్పారు. వాదులాడుకున్నారు, ఇంటికి పరుగెత్తి తాతను పిలుచుకొచ్చారు. తాత వంగి చూసి, ఇది గర్భంతో ఉన్న మనుబోతు, బరువు మడమ మీద పడింది అన్నాడు. టీచరమ్మ అది రాసుకున్నారు. ఎప్పుడూ బడి గేటు దాటి లోపలికి రాని మనిషి ఆ రోజు వాళ్లకు పాఠం చెప్పాడు.

తేదీ, అచ్చు బొమ్మ, ఎటు నుంచి ఎటు వెళ్లింది, రాత్రి వెన్నెలా చీకటా. ఒక నోటు పుస్తకంలో ఏడాదిపాటు ఇవి నిండితే, అది అటవీ శాఖ దగ్గర కూడా లేని దస్త్రం అవుతుంది. పిల్లలను చూసి నేర్చుకున్నది ఇదొకటి: వాళ్లు రాసినదాన్ని పెద్దలెవరైనా చదువుతారని తెలిస్తే తప్పు రాయరు.

తెలిసిన విద్యను బడిలోకి తెచ్చిన ప్రయత్నాలు మనకు కొత్త కావు. ఆదిలాబాద్ అడవుల్లో, ఇప్పుడు కవ్వాల్ పులుల అభయారణ్యం ఉన్న సీమకు దగ్గరలో, మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అక్కడ నివాసముండి, నిజాం ప్రభుత్వం చేత గోండులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేశారు. వాచకాలు గోండి భాషలో, వాళ్ల కథలతో. బయటి నుంచి వచ్చిన పంతులు నెల తిరక్కుండా జ్వరం వచ్చిందని వెళ్లిపోయే రోజుల్లో, ఊరివాడే పంతులయ్యాడు. ఆ తర్వాత మనం పెద్ద పెద్ద భవనాలు కట్టాం, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. వాటివల్ల ఎందరో చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ ఒక నష్టం జరిగింది.

నల్లమల చెంచులను చూడండి. 1975లో ప్రభుత్వం వాళ్లను ఆదిమ తెగగా గుర్తించింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో అది పులుల సంరక్షణ కేంద్రం, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు అమ్రాబాద్. చెంచు తండ్రి కొండ అంచు నుంచి తాడు మీద దిగి తేనె తీస్తాడు, పైన తాడును బావమరిది చేతికే అప్పగిస్తాడు, చెల్లెలి పసుపు కుంకుమలు కోరే మనిషి కనుక. గడ్డ తవ్వితే తల భాగం మళ్లీ మట్టిలో వదులుతాడు. కొడుకు ఆరేళ్లకు హాస్టలుకు వెళతాడు. వారం వారం కాదు, నెలల తరబడి అక్కడే. నేర్చుకునే వయసంతా అడవికి దూరంగా గడుస్తుంది. పదో తరగతి తప్పితే ఇటు ఉద్యోగమూ లేదు, అటు తాడు పట్టే ఒడుపూ లేదు. చెంచు యువకులే పులుల కాపలాదారులుగా, అడుగుజాడలు చూసేవాళ్లుగా అటవీ శాఖలో పనిచేస్తున్నారు. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద యాత్రికులు పారేసే ప్లాస్టిక్‌ను ఏరేదీ వాళ్లే. అడవి వాళ్ల చేతుల మీద నిలుస్తోంది. మరి హాస్టలు కాలపట్టికలో నెలకు ఒక వారమైనా పెంటలకు పంపి, అక్కడి పెద్దల దగ్గర నేర్చుకున్నది రాయించి, దానికి మార్కులు వేసే ఏర్పాటు చేయలేమా? సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో ఒక ఉత్తర్వు చాలు. ఈ మాట వినగలిగే అధికారులు ఈ సభలో ఉన్నారు కనుకే ఇక్కడ అంటున్నాను.

బయటి దేశాల్లో కోస్టారికా చేసి చూపింది. గ్వానకాస్తే అడవిని తిరిగి పెంచేటప్పుడు పర్యావరణ శాస్త్రవేత్త డేనియల్ జాన్‌జెన్ చుట్టుపక్కల ఊళ్ల బడిపిల్లలకు అడవిలోనే జీవశాస్త్రం నేర్పే కార్యక్రమం 1980ల చివర్లో మొదలుపెట్టించాడు. చుట్టూ ఊళ్లలోని రైతులను, కూలీలను పురుగులను గుర్తించి వర్గీకరించే పనిలో తీర్చిదిద్దారు. మన దేశంలోనే నాగాలాండ్‌లో, 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర అముర్ డేగలను వేల సంఖ్యలో వలల్లో పట్టి చంపారు. మరుసటి ఏడాదికల్లా ఊళ్లే దాన్ని ఆపేశాయి. పిల్లల బృందాలు అందులో పాలుపంచుకున్నాయి. అక్కడ కూడా బయటివాళ్ల తిట్లు పనిచేయలేదు, ఊరి మండలితో కూర్చుని మాట్లాడటం పనిచేసింది.

ఒక విషయం చెప్పకుండా ముగించలేను. భయం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లను ఎత్తుకుపోయి చంపింది. తిరుమల కొండ చుట్టూ ఉన్న అడవి శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో భాగం. మనలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఆ మెట్లు ఎక్కినవాళ్లే. ఆ వార్త చదివి ఆ రాత్రి నిద్రపోని తల్లులు ఈ కాలనీలోనూ ఉన్నారు. ఆ తర్వాత దేవస్థానం మధ్యాహ్నం రెండు గంటలు దాటాక పదిహేనేళ్లలోపు పిల్లలను ఆ దారిలో పంపలేదు, భక్తుల చేతికి కర్రలిచ్చింది. చిరుతలున్న చోట పిల్లలు గుంపులో నడవాలి, ముందుకో వెనక్కో పరుగెత్తకూడదు, చీకట్లో ఒంటరిగా బహిర్భూమికి వెళ్లకూడదు. తినగా మిగిలినవి దారిలో పారేస్తే కుక్కలూ పందులూ చేరతాయి, వాటికోసం చిరుత వస్తుంది. ఇది కూడా పర్యావరణ విద్యే. ముంబయిలో సంజయ్ గాంధీ జాతీయ వనం చుట్టూ 2011 నుంచి ఈ పాఠాన్నే బస్తీల్లో, బడుల్లో, పోలీసు స్టేషన్లలో చెప్పుకొచ్చారు. పిల్లల ప్రాణం కన్నా ఏ అడవీ ఎక్కువ కాదు. అలా అనుకునే తల్లికి ధైర్యం చెప్పగలిగినప్పుడే ఆమె అడవి పక్షాన మాట్లాడుతుంది.

ఇక మన కాలనీ పిల్లల సంగతి. 2018 జూన్‌లో సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ క్వార్టర్లను పడగొట్టి కట్టే పనిలో వేల చెట్లు కొట్టబోతే జనం చెట్ల చుట్టూ చేరారు, హైకోర్టు నరకడాన్ని ఆపింది. ఆ రోజు అక్కడ నిలబడిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. తమ వాకిట్లోని వేపచెట్టు పోతుందంటే ఎంత కోపం వస్తుందో వాళ్లకు తెలుసు. సంజయ్ కాలనీ పిల్లల ఇల్లే పోతుందన్న భయాన్ని వాళ్లు అర్థం చేసుకోగలరు. ఆ ఇద్దరినీ కలపాలన్నదే నా కోరిక.

అసోలాలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, అటవీ శాఖ కలిసి నడిపిన విద్యా కేంద్రానికి నగరం నలుమూలల నుంచి బడిపిల్లలు బస్సుల్లో వెళ్లారు, సీతాకోకచిలుకల పేర్లు నేర్చుకున్నారు. చాలా మంచి పని. మనం దానికి ఇంకొకటి కలుపుదాం. మన పిల్లలు వెళ్లినప్పుడు దారి చూపేవాళ్లు ఆ అంచు ఊళ్ల పిల్లలు కావాలి. మన్ను జల్లించి పట్టీ పరిచేది వాళ్లు, అచ్చు చదివి చెప్పేది వాళ్లు, రాసుకునేది మన పిల్లలు. మధ్యాహ్నం అందరూ కలిసి భోజనం చేయాలి. కోతుల గురించి వాళ్లు చెప్పేది మనవాళ్లు వినాలి, విన్నది ఇంటికొచ్చి మనకు చెప్పాలి. కోతులకు అరటిపళ్లు వేసి దండం పెట్టి వచ్చే అలవాటు ఈ కాలనీలో చాలామందికి ఉంది, దాని ఫలితం ఎవరి వాకిట్లో తేలుతుందో అప్పుడు తెలుస్తుంది.

మాస్టారి స్మారక నిధి వడ్డీ ఏటా ఒక ఉపన్యాసానికీ, వక్తకు శాలువాకూ, రవాణా ఖర్చుకూ సరిపోతుందని నిర్వాహకులు చెప్పారు. శాలువా, ప్రయాణ ఖర్చు వద్దని వాళ్లతో ముందే అన్నాను. ఆ డబ్బుతో జల్లెళ్లు, గీతలు లేని తెల్ల నోటు పుస్తకాలు, పెన్సిళ్లు కొనవచ్చు, దారి చూపే పిల్లలకు ఆ రోజు కూలి ఇవ్వవచ్చు. కూలి అన్న మాట కావాలనే వాడుతున్నాను. తెలిసిన విద్యను చెప్పినందుకు నగరం పెద్దలకు పారితోషికం ఇస్తుంది, పిల్లలకు ఇంటికి పంపే పుస్తకాల రూపంలోనైనా ఇవ్వాలి.

తలుపు దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాను. అసోలాకు రాగలిగినవాళ్లు పేరు, సెక్టారు, ఏ ఆదివారం వీలవుతుందో రాయండి. అక్కడ పాఠం హిందీలో జరుగుతుంది కనుక ఇక్కడే పుట్టి పెరిగి హిందీ ధారాళంగా మాట్లాడే మన పిల్లలు తప్పకుండా ఉండాలి. వృక్షశాస్త్రం చదివిన అమ్మాయిలు ఇద్దరు ఉన్నారని విన్నాను, వాళ్లను నేను విడిగా అడుగుతాను. వానలు వెళ్లాక, అక్టోబరులో, మన్ను అచ్చు బాగా పడుతుంది. అటవీ శాఖ అనుమతికి ఉత్తరం నేను రాస్తాను. బస్సు సంగతి కార్యదర్శిగారు చూస్తామన్నారు.